సర్దుడు డైరీ: శిశుగృహ నుంచి ఇంటిదాకా

పని, దారి

మేం అమెరికాలో స్థిరపడ్డ తెలుగు దంపతులం. తెలంగాణలోని ఒక జిల్లా శిశుగృహ నుంచి రెండేళ్లు నిండిన పాపను దత్తత తెచ్చుకోవాలి. దంపతుల్లో ఒకరికైనా అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి. దేశాల మధ్య దత్తతలకు నియమాలు పెట్టే హేగ్ ఒప్పందాన్ని ఇండియా 2003లో ఆమోదించింది, అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందుకే దారి మొత్తం ఆ పద్ధతిలోనే సాగుతుంది. కారా (దత్తతలు చూసే ఇండియా కేంద్ర సంస్థ) వాళ్ల కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు, అమెరికా వైపు ఐ-800ఏ (దత్తతకు మనం అర్హులమని తేల్చే దరఖాస్తు), పాప ఖాయమయ్యాక ఐ-800 (ఆ పాప కోసం పెట్టే దరఖాస్తు), దత్తత ముందుకు సాగొచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చే ఆర్టికల్ 5 లేఖ, కారా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కలెక్టర్ ఆర్డర్, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని ఆర్టికల్ 23 కింద కన్ఫర్మిటీ సర్టిఫికెట్, మెడికల్, చివరికి ఢిల్లీలో ఐహెచ్-3 (దత్తత పూర్తయిన పిల్లలకిచ్చే) వీసా.

ఈ డైరీలో రాసేది పెట్టెల సంగతే. కానీ ఏ కాగితం ఎప్పుడొస్తుందో తెలియకపోతే ఎన్ని జతల బట్టలు పెట్టాలో తేలదు. అందుకే రోజుల లెక్కన సర్దడం మానేసి, దశల లెక్కన సర్దుతున్నాం.

ఎన్‌ఓసీ వచ్చింది, టికెట్లు కొనలేదు

ఎన్‌ఓసీ రాగానే వెళ్లొచ్చు. ఆర్డర్ వచ్చేదాకా పాపను దేశంలోనే ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ (దత్తతకు ముందు తాత్కాలిక సంరక్షణ) కింద దగ్గర పెట్టుకోవచ్చు. సెలవు దొరికేవాళ్లకు ఇదే మేలు. లేనివాళ్లు కలెక్టర్ ఆర్డర్, బర్త్ సర్టిఫికెట్ అయ్యాక బయల్దేరాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డర్ ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరే. రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించాల్సిన బాధ్యత శిశుగృహది. ఆ అపాయింట్‌మెంట్ తేదీ తెలిశాక టికెట్ కొంటే నడుమ ఖాళీ రోజులు తగ్గుతాయి. మా ప్లాను ఈ రెండోదే.

తిరుగు టికెట్ తేదీ మార్చుకునే రకమే కొనాలి. వంద డాలర్లు మిగులుతాయని మార్చలేనిది కొంటే, ఒక్క సంతకం ఆలస్యమైనా మొత్తం పోతుంది. పాప టికెట్ ఇప్పుడే వద్దు. పాస్‌పోర్టు మీద పేరు అచ్చయ్యాక ఒకవైపు టికెట్ తీసుకోవాలి. రెండేళ్లు నిండిన పిల్లలకు సీటు తప్పనిసరి. రెండేళ్ల లోపు పిల్లలకు కూడా తిరుగు ప్రయాణం నాటికి రెండు నిండుతాయేమో చూసుకోవాలి. పుట్టినరోజు మధ్యలో పడితే ఒడిలో కూర్చోబెట్టుకునే టికెట్ చెల్లదు.

ఫైలు: మొదట సర్దింది ఇదే

ఇరవై అరలున్న ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి. దీనికి పెట్టెలో చోటు లేదు, చేతిసంచిలోనే ఉంటుంది. అరల వరుస, కాగితాలు వచ్చే వరుసే: హోమ్ స్టడీ (మనల్నీ ఇంటినీ పరిశీలించి రాసిన రిపోర్టు), పాప సీఎస్‌ఆర్ (చైల్డ్ స్టడీ రిపోర్టు), ఎంఈఆర్ (వైద్య పరీక్ష రిపోర్టు), మన సంతకంతో ఒప్పుకున్న ప్రతులు, ఐ-800 తాత్కాలిక ఆమోదం, ఎన్‌ఓసీ. ఆర్డర్ నుంచి వీసా దాకా అరలు ఖాళీగా ఉంచి, మీద పేరు రాసిపెట్టాం. ఖాళీ అర కనబడితే ఇంకా రావాల్సిందేమిటో ఎవరినీ అడగక్కర్లేదు.

ఒరిజినళ్లు ఒకరి దగ్గర, నకళ్లు ఇంకొకరి దగ్గర, స్కాన్లు ఇద్దరి ఫోన్లలో నెట్ లేకపోయినా తెరుచుకునేలా. కలెక్టర్ ఆర్డర్‌కు సర్టిఫైడ్ కాపీలు ఒకటికి మూడు అడిగి తీసుకోవాలి. పాస్‌పోర్టుకు, కారాకు, ఎంబసీకి చూపించాక ఇంట్లో ఒకటి మిగలాలి. అమెరికాలో నోటరీ చేయించినవాటికి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) ఉండాలి, ముఖ్యంగా ఇద్దరిలో ఒక్కరే వెళ్తుంటే రెండోవారి పవర్ ఆఫ్ అటార్నీకి. దీన్ని వదిలేసి విమానమెక్కితే అక్కడ కూర్చుని చేయించుకోవడం కుదరదు.

ఫొటోలు రెండు కొలతల్లో కావాలి. ఇండియా పనులకు 35 × 45 మిల్లీమీటర్లు, అమెరికా వీసాకు 2 × 2 అంగుళాలు. రెండింటికీ వెనక తెలుపే. నాలుగేళ్ల లోపు పిల్లలకు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఫొటో తీయరు, మనమే తీసుకెళ్లాలి. తెల్ల గౌను తొడిగి తీయిస్తే వెనక తెలుపులో భుజాలు కలిసిపోతాయి. ముదురు రంగు తొడగాలి. పాప కుదురుగా కూర్చోకపోతే తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయొచ్చు. చెవులకు రెండువైపులా నీడ పడకుండా కిటికీ వెలుతురులో తీస్తే చాలు.

పేరు సరిచూసిన రోజు

పెట్టెకు సంబంధం లేనట్టుంటుంది గానీ, ఇది తప్పితే ప్రయాణమే సాగదు. మన పేర్లకు ముందుండే పొడి అక్షరాలు ఇక్కడ గుదిబండ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘కె.వి.’, అమెరికా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, హోమ్ స్టడీలో మధ్య పేరు మాయం. ఆర్డర్ డ్రాఫ్టు దశలోనే తల్లిదండ్రుల పేర్లు అమెరికా పాస్‌పోర్టులో ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయా అని జిల్లా బాలల పరిరక్షణ విభాగంతో సరిచూసుకోవాలి. అక్కడి నుంచే బర్త్ సర్టిఫికెట్‌కు, దాన్నుంచి పాస్‌పోర్టుకు, పాస్‌పోర్టు నుంచి వీసాకు పేరు పారుతుంది.

పాప పేరులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఒక్క పేరే ఉంటే అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలు బళ్లో చేర్చేదాకా వెంటాడతాయి. పుట్టిన తేదీ కూడా అంతే. దొరికిన పిల్లలకు వయసు నిర్ధారించేది డాక్టరే. ఆ తేదీ ఎంఈఆర్‌లో, ఆర్డర్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో ఒక్కటే ఉండాలి.

కొలతలు

కేరింగ్స్‌లో ఉన్న ఎంఈఆర్ పాతబడింది. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత మళ్లీ అడిగాం. పాదం కొలతకు ఒక పద్ధతి: తెల్లకాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమనాలి. ఆ పొడవుకు ఒక సెంటీమీటరు కలిపితే చెప్పుల సైజు. స్కేలు లేని ఫొటో ఎందుకూ పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం రెండేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 11.5 కిలోలు, పొడవు 86 సెంటీమీటర్ల చిల్లర. సంస్థల్లో పెరిగిన పిల్లలు అంతకంటే తక్కువుండటం మామూలే. మా లెక్క 9.5 కిలోలకు. అమెరికా సైజుల్లో 24 నెలలవి జారిపోతాయి, 18 నెలలవి సరిపోతాయి. నడుము దగ్గర ఎలాస్టిక్‌తో పాటు బొందు ఉన్నవి నాలుగు జతలు పెట్టాం. మిగతావి అక్కడే నూలువి కొనాలి. హైదరాబాద్‌కు పల్చటివి చాలు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వెళ్లాల్సొస్తే స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, మేజోళ్లు తప్పవు. ఆ రెండు నెలల్లో పొగమంచుకు విమానాలు గంటలకొద్దీ ఆగుతాయి కాబట్టి ఇంటర్వ్యూకు ముందురోజు పొద్దుటి విమానమైనా ఎక్కాలి.

డైపర్లు అమెరికా నుంచి మోసుకెళ్లడం దండగ. మొదటి రోజుకు ఎనిమిది చాలు. అక్కడ సైజులు కిలోల్లో ఉంటాయి, ఎం అంటే సుమారు 7 నుంచి 12. ఇక్కడి అంకెల సైజులతో పోల్చుకోకుండా బరువు చూసి కొనాలి. శిశుగృహలో డైపర్ అలవాటు లేని పిల్లలుంటారు, పగలు నిక్కరుతోనే తిప్పి వేళకు బయట కూర్చోబెడతారు. అలాంటి పాపకు డైపర్ తొడిగితే ఏడుస్తుంది. ఆయమ్మను అడిగి ఆ వేళలు రాసుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

మందుల డబ్బా

ఎక్కువ సమయం దీనికే పట్టింది. జ్వరం మందు పేరు రెండు దేశాల్లో వేరు. ఇక్కడ ఎసిటమినోఫెన్, అక్కడ పారాసిటమాల్, మందు ఒకటే. గాఢత మాత్రం ఒకటి కాదు. అమెరికా పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాములు. ఇండియాలో 5 మిల్లీలీటర్లకు 120 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి, చుక్కల మందు మిల్లీలీటరుకే 100. మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకు 120 మిల్లీగ్రాములు అనుకుంటే అమెరికా సిరప్ 3.75 మిల్లీలీటర్లు, 120 సిరప్ 5, 250 సిరప్ 2.4, చుక్కల మందు 1.2. చుక్కల మందును సిరప్ అనుకుని ఒక చెంచా పోస్తే నాలుగు రెట్లు దాటుతుంది. అందుకే ఒకే సీసా పెట్టుకుని, డాక్టరు చెప్పిన మిల్లీలీటర్లు దాని మీదే స్కెచ్ పెన్నుతో రాశాం. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజీలు రెండు.

ఓఆర్‌ఎస్ అక్కడ ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. ప్యాకెట్ రెండు రకాలు, లీటరు నీళ్లకు కలిపేది, 200 మిల్లీలీటర్లకు కలిపేది. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు కొనొద్దు. వాటి మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఇండియా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి చేసిన పోరాటం ఉంది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు, ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకూడదు.

పదిమంది పిల్లలు కలిసి పడుకునే చోట గజ్జి, పేలు రావడంలో వింతేమీ లేదు, నామోషీ అసలే లేదు. గజ్జికి పెర్మెత్రిన్ 5 శాతం క్రీము, డాక్టరుకు చూపించాకే. పెద్దవాళ్లకు మెడ నుంచి పాదాల దాకా, చిన్నపిల్లలకు తల, మెడతో సహా రాత్రి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్లీ. పాపను ఎత్తుకున్న పెద్దవాళ్లూ రాసుకోవాలి, లేకపోతే ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది. కాబట్టి ముగ్గురికి సరిపడా ట్యూబులు. పేలకు పెర్మెత్రిన్ 1 శాతం లోషను, సన్నపళ్ల దువ్వెన. గుండు చేయించాలన్న తొందర వద్దు. వీసా ఫొటో ఒకలా, మనిషి ఒకలా ఉంటే కౌంటర్ల దగ్గర అనవసరపు ప్రశ్నలు.

ఇవి కాక డిజిటల్ థర్మామీటరు, డైపర్ ఒరుపులకు జింక్ ఆక్సైడ్ క్రీము, ముక్కుకు సెలైన్ చుక్కలు, మడతపెట్టే దోమతెర. యాంటీబయాటిక్ ముందే తెచ్చుకోవడం మాకు నచ్చలేదు, తీసేశాం.

తిండి, కరెంటు

మొదటి వారం శిశుగృహలో తినేదే పెట్టాలి. రాగి జావ, మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు. బిస్కెట్లు, చాక్లెట్లు, చిక్కటి పాలు ఒక్కసారిగా మొదలుపెడితే కడుపు చెడుతుంది, అది మెడికల్ రోజునే బయటపడుతుంది. వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటే పని తేలిక. చిన్న స్టీలు గిన్నె, మూత ఉన్న గ్లాసు అక్కడే కొనొచ్చు.

పాప వయసు ఏడాది లోపైతే ఒక్క జాగ్రత్త. అక్కడి పాలపొడి చెంచా 30 మిల్లీలీటర్ల నీళ్లకు లెక్క, అమెరికా డబ్బాలో చెంచా 60కి. ఒక డబ్బా చెంచాతో ఇంకో డబ్బా పొడి కొలిస్తే పాలు సగం పల్చనవుతాయి, లేదా రెట్టింపు చిక్కనవుతాయి. ఖాళీ డబ్బాతో పాటు చెంచానూ పారేయాలి.

అమెరికా కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. ఫోన్ ఛార్జర్ల మీద 100–240 అని ఉంటుంది కాబట్టి ప్లగ్ మార్చుకునే అడాప్టరు చాలు. సీసాలు వేడిచేసేది, గుయ్‌మని మోగుతూ నిద్రపుచ్చే యంత్రం లాంటివాటి మీద 120 మాత్రమే ఉంటే తీసుకెళ్లొద్దు. అడాప్టరు వోల్టేజీని తగ్గించదు, పెట్టగానే కాలిపోతాయి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

అప్పగింత రోజు సంచి

దీన్ని విడిగా సర్దాం, భుజానికి తగిలించుకునే చిన్న సంచి. ఒక జత బట్టలు, మూడు డైపర్లు, తడి టిష్యూలు, అరటిపండ్లు, నీళ్లు, సబ్బు బుడగల సీసా, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, ముందు పంపిన ఆల్బమ్‌కు రెండో ప్రతి. బొమ్మలు ఇంతకు మించి వద్దు. పది బొమ్మలు ఒకేసారి ముందు పోస్తే పాప దేన్నీ ముట్టుకోదు.

ఆల్బమ్‌ను నెల ముందే పంపాలి. ప్లాస్టిక్ పేజీలు, పేజీకి ఒక్కటే పెద్ద ఫొటో, కింద తెలుగులో ‘అమ్మ’, ‘నాన్న’, ‘మన ఇల్లు’. ఆయమ్మలు రోజూ చూపిస్తారు. తెలుగు దంపతులమే కాబట్టి భాష బెంగ లేదనుకోకూడదు. పాప చెవిన పడింది ఉర్దూ కావచ్చు, తండాల నుంచి వస్తే లంబాడీ కావచ్చు. ఆకలి, నీళ్లు, నిద్ర, నొప్పి అనే నాలుగు మాటలు ఆయమ్మ నోట రికార్డు చేసుకోవాలి. జోల పాట కూడా.

వచ్చేటప్పుడు పాప దుప్పటో, పాత గౌనో అడిగి తీసుకుని ఉతక్కుండా ఉంచాలి. వాడే సబ్బు, తలనూనె ఏవో చూసుకుని అవే కొనాలి. ఆయమ్మలతో ఫొటో దిగొచ్చు, వేరే పిల్లల ముఖాలు పడకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. కానుకల పేరుతో కవర్లు ఇవ్వొద్దు. దత్తతకు బదులుగా విరాళం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం, ఇచ్చినవాళ్లే ఇరుకున పడతారు. అందరికీ ఒక మిఠాయి డబ్బా, అదీ అడిగి.

ఢిల్లీ దశ

ఇక్కడికి రెండు పెట్టెలూ ఈడ్చుకెళ్లక్కర్లేదు. చుట్టాలింట్లోనో, హోటల్ లాకర్‌లోనో ఒకటి వదిలి, ఒక చిన్న పెట్టె, ఫైలు.

మెడికల్ ఎంబసీ జాబితాలోని పానెల్ డాక్టర్ల దగ్గరే చేయించాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు క్షయకు ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష ఉంటుంది. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి పాస్‌పోర్టు రాగానే ముందు దీనికే పరుగెత్తాలి. పాజిటివ్ అయితే ఛాతీ ఎక్స్‌రే, అందులో అనుమానం ఉంటే కఫం కల్చరు. అది తేలడానికి వారాలు పడుతుంది. తిరుగు టికెట్ మార్చుకునే రకం కొనమన్నది ఇందుకే. టీకాలు కొన్ని తక్కువైనా ఆగక్కర్లేదు. పదేళ్ల లోపు దత్తత పిల్లలకు డీఎస్-1981 అఫిడవిట్ ఉంది. అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని సంతకం పెట్టాలి. ఉన్న టీకా కార్డు మాత్రం భద్రం, లేకపోతే వేసిన టీకాలే మళ్లీ వేస్తారు.

ఎంబసీలోకి ఫోన్లు, బ్యాగులు, పవర్ బ్యాంకులు రానివ్వరు. పారదర్శక కవరులో కాగితాలు, పాపకు ఒక డైపరు, చిన్న సీసా. మిగతావన్నీ గదిలో వదిలి, వెళ్లిరావడానికి కారు మాట్లాడుకోవాలి. ఫోన్ లేకుండా బయటికొచ్చి క్యాబ్ పిలవలేరు. డ్రైవరు నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి.

వీసాతో సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని తెరవకూడదు. చేతిసంచిలోనే పెట్టి అమెరికాలో దిగిన చోట అధికారికి ఇవ్వాలి. ఆతృత కొద్దీ చింపి చూస్తే అక్కడే ఆపేస్తారు.

తిరుగు విమానం

ఇంటి తలుపు నుంచి ఇంటి తలుపుకు ఒక రోజు పైనే. డైపర్లు పద్నాలుగు, పాపకు మూడు జతలు, పెద్దవాళ్లిద్దరికీ తలా ఒక చొక్కా జిప్ కవర్లో. వాంతి మన మీదే పడుతుంది, ఈ చొక్కాలు మర్చిపోయినవాళ్లు పదిహేను గంటలు కంపులో కూర్చుంటారు. పిల్లల పాలు, తిండికి 100 మిల్లీలీటర్ల నియమం వర్తించదు, తనిఖీ దగ్గర ముందే బయటికి తీసి చూపించాలి.

పది కిలోలు దాటితే కేర్స్ అనే పట్టీ వాడొచ్చు. విమానం సీటు వెనక తగిలించి పాప భుజాలకు బిగించేది, 10 నుంచి 20 కిలోల పిల్లలకు. మా పాప 9.5 దగ్గరే ఉంది కాబట్టి విమానానికి సర్టిఫై చేసినట్టు లేబులున్న తేలికపాటి కారు సీటు. దిగాక ఇంటికెళ్లే కారులోనూ అదే. స్ట్రోలరు తీసేశాం. అక్కడి ఫుట్‌పాత్‌ల మీద దానికన్నా గుడ్డ క్యారియరు నయం, పాపకూ ఒంటికి అంటుకుని ఉంటుంది.

తూకం: వెళ్లేటప్పుడు పెద్ద పెట్టె 19 కిలోలు, రెండోది 14, మూడోది ఖాళీది రెండోదాని కడుపులో. 23 కిలోల పరిమితికి పెద్దదానిలో నాలుగు, రెండోదానిలో తొమ్మిది కిలోలు వదిలిపెట్టడం కావాలనే. వచ్చేటప్పుడు పాప వస్తువులు, శిశుగృహ ఇచ్చిన కాగితాలు, అమ్మమ్మలు కట్టించే మూటలు. బియ్యం మూట ఎవరిచ్చినా వదిలేయాలి, ఇండియా నుంచి సంచిలో బియ్యం తేవడం నిషేధం. మిగతా తిండిని కస్టమ్స్ దగ్గర ఉన్నదున్నట్టు రాయాలి.

ఇంకా మిగిలినవి

పౌరసత్వ సర్టిఫికెట్ ఐహెచ్-3 పిల్లలకు పోస్టులో వస్తుంది కాబట్టి ఇంటి చిరునామా సరిగా ఇచ్చామా చూడాలి. ఇండియా పాస్‌పోర్టు పారేయకూడదు, తర్వాత దాన్ని సరెండర్ చేయడానికి, ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) అదే కావాలి. కారాకు పోవాల్సిన రిపోర్టులు ఆరు. మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి, ఫొటోలతో. ఫైలు చివరి అరలో ఆ తేదీలు రాసిన కాగితం పెట్టాం. మొదటి రిపోర్టుకు దిగిన రోజు బరువు కావాలి. బాత్రూమ్ తూకం యంత్రంలో బ్యాటరీ మార్చాలి.